ఆన్‌లైన్‌లో ఈఈజీ నేర్చుకుంటున్నారా? ముందు కొలత టేపు కొనుక్కోండి

న్యూరోడయాగ్నస్టిక్ టెక్నాలజీ (ఈఈజీ, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ సంకేతాల్ని గీతలుగా రికార్డు చేయడం లాంటి పరీక్షలు చేసే పని) ఆన్‌లైన్‌లో చదువుతూ ఆర్.ఈఈజీ.టి. అనే ఈఈజీ టెక్నాలజిస్టుల సర్టిఫికెట్ పరీక్షకి రెడీ అవుతున్న మీకు నేను మొదట చెప్పేది ఒక్కటే. ఎన్ని వీడియోలు చూశామన్న లెక్క పక్కన పెట్టి, చెయ్యి ఎంత తిరిగిందో చూసుకోండి. సిలబస్ అంతా స్క్రీన్ మీద దొరుకుతుంది గానీ తల దొరకదు కదా. అందుకే కోర్సు మొదలవగానే మెత్తటి కొలత టేపు, తుడిస్తే పోయే పెన్సిల్ తెచ్చుకుని ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టండి.

తల మీద ఎలక్ట్రోడ్లు ఎక్కడ పెట్టాలో కొలిచి గుర్తుపెట్టే 10-20 పద్ధతి చదివితే చాలా తేలిగ్గా ఉంటుంది. ముక్కు మొదట్లో కళ్ల మధ్య ఉండే గుంట నాసియాన్, తల వెనక వేలికి తగిలే బుడిపె ఇనియాన్. వీటి మధ్య 36 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, అందులో 10 శాతం అంటే 3.6 దగ్గర ఎఫ్‌పీజెడ్ అనే గుర్తు, అక్కడి నుంచి 20 శాతం చొప్పున పోతే 10.8 దగ్గర ఎఫ్‌జెడ్, 18 దగ్గర సీజెడ్. కానీ కొందరికి ఆ బుడిపె ఎంత వెతికినా తగలదు, జుట్టు ఒత్తుగా ఉంటే టేపు జారుతుంది, అక్కడ ఒక సెంటీమీటర్ తేడా వచ్చిందంటే మధ్య గీత మీద గుర్తులన్నీ కదిలిపోతాయి. ఇది వీడియో చూస్తే రాదు, రకరకాల తలలు కొలిస్తేనే వస్తుంది.

కోర్సులో చేరకముందే క్లినికల్ ట్రైనింగ్ ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో అని గట్టిగా అడగండి. ఈ పరీక్ష పెట్టే ఆబ్రెట్ సంస్థ వాళ్ల అర్హత నిబంధనల్లో మనం చేసిన రికార్డింగుల లెక్క కూడా ఉంటుంది, కాబట్టి వాళ్ల హ్యాండ్‌బుక్ తాజాది తీసి ముందే చదువుకోండి.

ఇక చాలామందికి టెన్షన్ పెట్టేది పొలారిటీ, అంటే సిగ్నల్ నెగటివా పాజిటివా, గీత ఎటు పోతుందన్నది. దీన్ని బట్టీ పట్టకండి, లెక్క వేయండి. ఒక్కో చానల్ రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడా చూపిస్తుంది, కాబట్టి మొదటి ఇన్‌పుట్‌లోంచి రెండోది తీసేయాలి, నెగటివ్ వస్తే గీత పైకి, పాజిటివ్ వస్తే కిందికి, అంతే. ఎఫ్‌పీ1 ఎలక్ట్రోడ్ దగ్గర మైనస్ 40, ఎఫ్3 దగ్గర మైనస్ 100, సీ3 దగ్గర మైనస్ 60 మైక్రోవోల్టులు ఉన్నాయనుకుంటే, ఎఫ్‌పీ1-ఎఫ్3 చానల్‌లో ప్లస్ 60, గీత కిందికి. ఎఫ్3-సీ3లో మైనస్ 40, గీత పైకి. రెండు మొనలూ ఎదురెదురుగా వచ్చాయి, అదే ఫేజ్ రివర్సల్, ఎక్కువ నెగటివ్ ఎఫ్3 దగ్గరే. రోజూ ఇలాంటివి రెండు మూడు సొంతంగా అంకెలు వేసుకుని గీయండి, మాంటేజ్ (ఏ ఎలక్ట్రోడ్‌ని దేనితో జత చేయాలన్న అమరిక) మార్చి మళ్లీ గీయండి. ఇది పట్టుబడితే ఎన్నో బిట్లు వాటంతటవే తేలిపోతాయి.

ఆర్టిఫ్యాక్టులు (మెదడు నుంచి కాకుండా వేరే చోటి నుంచి వచ్చే గీతలు) కూడా అంతే. ఎఫ్8 ఉన్న రెండు చానళ్లలో మాత్రమే ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా గీత ఎగిసి, పక్క ఎలక్ట్రోడ్లలో దాని జాడే లేకపోతే అది మెదడు నుంచి వచ్చింది కాదు, ముందు ఆ ఎలక్ట్రోడ్ చూడండి. చుట్టూ ఉన్న కరెంటు వల్ల వచ్చే గీతలు కనిపించగానే వాటిని తీసేసే నాచ్ ఫిల్టర్ వేసే అలవాటు నాకు అస్సలు నచ్చదు, మొదట ఇంపెడెన్స్ (ఎలక్ట్రోడ్ తలకి సరిగ్గా అంటుకుందో లేదో చెప్పే కొలత) చూడాలి.

ఫ్రీక్వెన్సీలు (సెకనుకి వచ్చే అలల లెక్కన డెల్టా 4 లోపు, తీటా 4 నుంచి 8 లోపు, ఆల్ఫా 8 నుంచి 13, ఆపైన బీటా), సెన్సిటివిటీ (ఎన్ని మైక్రోవోల్టులకి గీత ఎంత ఎత్తు లేస్తుందన్న) లెక్కలు ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే చాలు, వాటికి ఎక్కువ టైమ్ పెట్టకండి.

ఆ టైమ్ పేషెంట్ భద్రతకి ఇవ్వండి. హైపర్‌వెంటిలేషన్ (కొన్ని నిమిషాలు లోతుగా ఊపిరి పీల్చి వదలడం) చేయించే ముందు ఈమధ్య పక్షవాతం వచ్చిందా, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నాయా అని తెలుసుకోవాలి. రికార్డింగ్ మధ్యలో ఫిట్స్ వస్తే పేషెంట్‌కి దెబ్బ తగలకుండా చూస్తూ, పేరు పెట్టి పిలిచి, ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమని, చెయ్యి ఎత్తమని అడిగి, కనిపించినదంతా రికార్డు మీదే టైముతో సహా రాయాలి. స్నేహితుల్ని పేషెంట్‌గా కూర్చోబెట్టి ఈ వరుసంతా పైకి మాట్లాడుతూ ప్రాక్టీస్ చేయండి.