కోనసీమ పెరట్లో పీచు చెట్టు: నా అనుభవం

నిన్న పొద్దున్నే పీచు (కొబ్బరి పీచు కాదు, పీచ్ పండు) చెట్టును వేళ్ళతో సహా పీకించేశాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా అల్లుడు ఉద్యోగరీత్యా హిమాచల్‌లోని సోలన్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్ళినప్పుడు రాజ్‌గఢ్ పీచులు తిన్నాం. మా ఆవిడకు ఆ రుచి పట్టుకుంది. ఊరొచ్చాక ఒక నర్సరీలో (పేరు రాయను) ఎర్రటి పండ్ల బొమ్మ కట్టిన పీచు అంటు కనబడింది. ఇది ఏ రకం అని అడిగితే "పీచేనండి, ఎక్కడైనా కాసేస్తుంది" అన్నాడు. కొన్నాం.

పెంచడంలో ఇబ్బందేమీ రాలేదు. మాది బంకమట్టి, వానాకాలం రెండడుగులు తవ్వితే నీళ్ళు. పీచుకు వేరు దగ్గర నీళ్ళు నిలవకూడదు. గాలి ఆడకపోతే ఆ వేళ్ళలోనే సైనైడ్ విషం పుట్టి చెట్టు చస్తుంది. అందుకని మోకాలెత్తు దిబ్బ పోసి నాటాను. అంటు కింద నుంచి వచ్చే పిలకలు ఎప్పటికప్పుడు గిల్లేశాను. కిందటేడు వచ్చిన కొమ్మల మీదే పూస్తుంది కనుక కత్తిరింపు కూడా చూసుకుని చేశాను. మనిషెత్తు దాటింది.

పూత మాత్రం లేదు. సంక్రాంతికి రాలాల్సిన ఆకు రాలదు. ఉగాదికి కొమ్మ చివర నాలుగు ఆకుల కుచ్చు, దాని కింద మూరెడు మేర బోడి కొమ్మ, ఆ బోడి మీద బియ్యపు గింజల్లా బిగుసుకుపోయిన మొగ్గలు. గోటితో గిల్లి చూస్తే లోపల గోధుమరంగు పొడి.

ఆ కొమ్మ పట్టుకుని నర్సరీకి వెళ్ళాను. ఆదివారం, జనం బాగా ఉన్నారు. ఓనరు కొమ్మ వైపు కూడా చూడలేదు. "ఆయ్, మా దగ్గర కొన్నోళ్ళందరికీ కాసిందండి. కొందరి చేతిగుణం అంతే" అన్నాడు. కుండీలు ఏరుకుంటున్నవాళ్ళు పకపకా నవ్వారు. ఊహ తెలిసినప్పటి నుంచి కొబ్బరితోటలో బతికినవాణ్ణి, నేను నాటిన పంపరపనస కాయలు ఊళ్ళో సగం ఇళ్ళకి వెళ్తాయి. నా చేతిగుణం గురించి కుండీలో బొమ్మలు కట్టి అమ్మేవాడు చెప్పాలా? "కాసినవాళ్ళ ఇల్లు ఒక్కటి చూపించు" అన్నాను. "పనుంది మాస్టారూ" అంటూ లోపలికి పోయాడు. మా ఆవిడ చెయ్యి పట్టి లాక్కొచ్చింది గానీ, లేకపోతే ఆ వేళ గొడవే.

ఫిర్యాదు చేద్దామని ఉద్యానశాఖ ఆఫీసుకు వెళ్తే, పీచు మా జిల్లా పంట కాదు, అర్జీ కూడా తీసుకోము అన్నారు. సరే.

అసలు సంగతి అల్లుడి ఇంటి ఓనరు ఫోన్లో చెప్పాడు. ఆయనకు పీచు తోట ఉంది. ఆకు రాల్చి నిద్రపోయిన మొగ్గ, 7 డిగ్రీల లోపు చలిలో ఇన్ని గంటలు గడిపితేనే విచ్చుకుంటుంది. ఆ లెక్క రకాన్ని బట్టి మారుతుంది. ఎల్బెర్టా అనే రకానికి 800 గంటల పైమాటే. తక్కువ చలికని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన ఫ్లోర్డాప్రిన్స్‌కి 150 చాలు, అందుకే పంజాబ్ మైదానాల్లో పండుతోంది. మనకో? సంక్రాంతి చలికి దుప్పటి కప్పుకుంటాం గానీ, 15 డిగ్రీల కిందికి దిగడమే గగనం. 150 గంటలు కాదు కదా, ఒక్క గంట కూడా దొరకదు. అంటే నాకు అమ్మింది ఏ రకమైనా ఒకటే. ఎరువులు, టానిక్కులు అంటూ ఎవరైనా చెబితే వినకండి, డబ్బు దండగ.

మీ బంధువులెవరైనా చలి ప్రాంతాల్లో ఉండి పీచు పెట్టుకోవాలనుకుంటే, ముందు తమ ఊరి చలి ఎంతో తెలుసుకుని, అప్పుడు రకం అడగమనండి. చాలా రకాలకు పరపరాగ సంపర్కం (వేరే రకం చెట్టు పుప్పొడి అందడం) అక్కర్లేదు, ఒక్క చెట్టున్నా కాస్తుంది. జె.హెచ్. హేల్ అనే పాత రకానికి మాత్రం పక్కన ఇంకో రకం ఉండాలి, హేల్ సొంత పుప్పొడి పనికిరాదు. పిందెలు జానెడుకొకటి ఉంచి మిగతావి తీసెయ్యాలి, లేకపోతే నిమ్మకాయంత కూడా ఊరవు.

నాకైతే పీచు గొడవ తీరింది. అదే దిబ్బ మీద కొత్తపల్లి కొబ్బరి మామిడి అంటు పెట్టాను. ఈసారి కడియంలో తల్లిచెట్టు చూపించిన పెద్దాయన దగ్గర కొన్నాను. బిల్లు మీద రకం పేరు రాసి సంతకం పెట్టమంటే ఆయన కూడా నవ్వాడు. నవ్వితే నవ్వాడు, రాశాక గానీ డబ్బు ఇవ్వలేదు.