బూడిద బంపరు, గోధుమ రంగు టైర్లు: నల్గొండలో మూడు నెలల కారు పని

మార్చి 9, ఆదివారం

కారు మా బావ వాడి నాకిచ్చింది. 2016 మోడల్, టీఎస్ 05 నంబరు. ఇంజిను నిక్షేపంగా ఉంది, పెయింటు కూడా ఫర్వాలేదు. నల్ల ప్లాస్టికే చూడలేకుండా ఉంది. బంపర్ల కింది భాగం, చక్రాల చుట్టూ ఉండే క్లాడింగ్, సైడు అద్దాల మొదళ్లు, వైపర్ల కింది పట్టీ, అన్నీ పొయ్యిలో బూడిద రంగుకు తిరిగాయి.

మా ఇంటి ముందు కారు ఎప్పుడూ తూర్పు ముఖంగానే ఆగుతుంది. ఎడమ పక్క ప్రహరీ గోడ, వేపచెట్టు. కుడి పక్క దక్షిణం, వెనక పడమర. చుట్టూ తిరిగి చూస్తే ఎడమ క్లాడింగులో ఇంకా నలుపు మిగిలి ఉంది. కుడి పక్క, వెనక బంపరు మాత్రం తెల్లబడిపోయాయి. మధ్యాహ్నం, సాయంత్రం ఎండంతా వాటి మీదే మరి.

చెంబెడు నీళ్లు పోస్తే బంపరు కొత్తదానిలా నల్లబడింది. ఐదు నిమిషాల్లో ఆరి మళ్లీ బూడిద. ఎండిన నల్లరేగడి వానకు తడిస్తే నల్లబడినట్టే ఇదీ. అంటే రంగు ఎక్కడికీ పోలేదు. బంపరు లోపలి వైపు పీపీ+ఈపీడీఎం అని అచ్చు ఉంది. అంటే పాలీప్రొపైలీన్‌లో కొంత రబ్బరు కలిపిన ప్లాస్టిక్. నలుపు అందులో కలిపే కార్బన్ బ్లాక్‌ది, అంటే మసిలాంటి నల్ల పొడి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పైపొర చితికి, కంటికి కనబడని పగుళ్లు పడతాయి. వెలుగు వాటి మీద పడి చెదిరిపోతే మనకు తెల్లగా కనిపిస్తుంది. ఆ పగుళ్లను నీళ్లు నింపినంతసేపూ నలుపు. నీళ్ల చోట ఆరిపోనిదేదో నింపాలి, నా పని అదే.

మార్చి 16

ఈ రోజంతా కడగడమే. వీధిలో అందరూ చెప్పింది పూత గురించే. "అన్నా, డీజిల్ గొట్టియ్యనా? నల్లగ మెరుస్తది" అన్నాడు వాటర్ సర్వీసింగ్ పిల్లగాడు. మెరుస్తుంది, నిజమే. కానీ డీజిల్ తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది. వద్దన్నాను.

ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టాను. ప్లాస్టిక్ మీద చెయ్యి ఆనితే చల్లగా ఉండాలి. తొమ్మిది దాటితే మార్చి నెలలోనే సబ్బు నీళ్లు పెట్టినచోటే ఎండి చారలు కడుతున్నాయి. ఆల్ పర్పస్ క్లీనర్ ఒక వంతుకు నీళ్లు పది వంతులు. అర లీటరు స్ప్రే సీసాలో 45 మిల్లీలీటర్లు పోసి మిగతాది నీళ్లు. కొట్టి అర నిమిషం ఆగి, బట్టలుతికే మెత్తని బ్రష్‌తో గుండ్రంగా రుద్ది, ఆరకముందే కడిగేయాలి. మొదటిసారి కారిన నీళ్లు కుడితి రంగులో ఉన్నాయి. తెల్ల బనియన్ గుడ్డతో తుడిస్తే నల్లగా అంటింది. ఆ నలుపు చితికిన పైపొరది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా చేయాలి. ఎడమ పక్కకు రెండు సార్లు, వెనక బంపరుకు నాలుగు సార్లు పట్టింది.

ఎవరో ఎప్పుడో బాడీకి పెట్టిన మైనం పాలిష్ ప్లాస్టిక్ గరుకులో ఇరుక్కుని తెల్లగా గట్టిపడి ఉంది. దానికి టూత్ బ్రష్, ఓపిక, రెండే మందులు.

మాది బోరు నీళ్లు. ఆరితే నల్లదాని మీద తెల్ల చుక్కలు ఖాయం. మా అమ్మ "ఫ్లోరైడు రా అది" అంది. నల్గొండలో ఏ మచ్చ చూసినా ముందు ఆ మాటే వస్తుంది, పాపం ఈ జిల్లా అంత చూసింది మరి. కానీ ఫ్లోరైడు ఇలా కంటికి కనబడదు. ఈ చుక్కలు నీటి కాఠిన్యానివి, కాల్షియం, మెగ్నీషియం లవణాలు. తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డతో అద్ది తుడిస్తే పోయాయి. వెంటనే కడిగేశాను. ఆఖరి కడుగుడుకు మాత్రం రెండు బిందెల కుళాయి నీళ్లు, అంటే కృష్ణా నీళ్లు, వాడాను. చుక్కలు చాలా తగ్గాయి.

మార్చి 23

పరీక్ష. వెనక బంపరును మాస్కింగ్ టేపుతో నాలుగు గళ్లు చేశాను. మొదటి గడిలో కొబ్బరినూనె. రెండో గడిలో డ్యాష్‌బోర్డుకు కొట్టే చవక సిలికాన్ పాలిష్. మూడో గడిలో పాలలా తెల్లగా ఉండే, నీటితో కలిపిన డ్రెస్సింగ్, అంటే ప్లాస్టిక్‌కూ రబ్బరుకూ నలుపు తెచ్చే పూత. నాలుగో గడిలో సిరామిక్ రకం ట్రిమ్ కోటింగ్, అంటే బయటి ప్లాస్టిక్ మీద గట్టిపడే పూత, 30 మిల్లీలీటర్ల సీసా. కొబ్బరినూనె సీసా చూసి అమ్మ "అదేదో నీ నెత్తికి పెట్టుకోరాదు రా" అంది. ఆమె మాటే నిజమైంది. మూడు రోజుల్లో ఆ గడి ఎర్రమట్టి అలికినట్టయింది.

పక్క వీధి సెల్‌ఫోన్ రిపేరు తమ్ముడి దగ్గర హీట్ గన్ అడిగి తెచ్చి, స్క్రాపులో దొరికిన క్లాడింగ్ ముక్క మీద కూడా చూశాను. వేడి తగలగానే నల్లబడింది. ఆహా అనుకుని ఇంకో రెండు క్షణాలు ఆగానో లేదో, గరుకంతా కరిగి నున్నగా మెరిసింది. పైగా మారిన నలుపు కూడా పూత లేకపోతే ఎండకు మళ్లీ పోయేదే. కారు దగ్గరికి దాన్ని తీసుకుపోలేదు.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిని టైర్ల పని మీద కూర్చున్నాను. నాలుగూ తుప్పు పట్టినట్టు గోధుమ రంగులో ఉన్నాయి. ఇది మురికి మాత్రమే కాదు. గాలిలోని ఓజోను రబ్బరును పగలగొట్టకుండా తయారీలోనే ఒక రసాయనం కలుపుతారు. అది కొద్దికొద్దిగా లోపలి నుంచి పైకి వచ్చి, గాలి తగిలి గోధుమ రంగుకు మారుతుంది. టైరును కాపాడే పదార్థమే కాబట్టి కంగారు అక్కర్లేదు, చూపుకు బాగుండదు అంతే. దాని మీద పాత పాలిష్ పొరలు పేరుకుని ఇంకా అసహ్యంగా ఉంది.

ఇక్కడ క్లీనర్ చిక్కగా కావాలి, ఒకటికి నాలుగు. గట్టి బ్రష్. మొదటి నురగ ఇరానీ చాయ్ రంగులో వచ్చింది. నురగ తెల్లబడేదాకా అంటే ఒక్కో టైరుకు నాలుగు విడతలు. మోకాళ్లు పట్టేశాయి.

అక్షరాలు తేటపడ్డాక తారీఖులు చదివాను. టైరు పక్కన అండాకారపు గీత లోపల నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మూడింటి మీద 2321, అంటే 2021లో 23వ వారం. వెనక ఎడమ దాని మీద 4016! కారుతో పాటు వచ్చిన టైరు. ఎప్పుడో పంక్చరైనప్పుడు బావ స్టెప్నీ వేయించి, మళ్లీ మార్చడం మరిచిపోయి ఉంటాడు. పాలిష్ పొర పోయాక దాని అంచున సన్న పగుళ్లు వరసగా కనబడ్డాయి. నెల కిందట ఇదే టైరు మీద నలుపు రాసి ఉంటే నేనూ చూసేవాణ్ని కాదు. పదేళ్లు దాటితే పైకి బాగున్నా తీసేయమని టైర్ల కంపెనీలే చెబుతాయి. ఇది ఎనిమిదిన్నరేళ్లది, పైగా పగిలింది. పంక్చరు షాపు అన్న గోటితో గీకి చూసి, "సార్, ఇది సాగర్ దాంక పోయిరాదు" అన్నాడు. మర్నాడే కొత్తది వేయించాను. ఈ పనిలో పెద్ద ఖర్చు ఇదే, మిగతా సామానంతా కలిపి రెండు వేలు దాటలేదు.

ఏప్రిల్ 6

టైర్లకు డ్రెస్సింగ్, మొదటి పొరపాటు. గిన్నెలు తోమే స్పాంజి ముక్కతో దండిగా పట్టించి, అద్దంలా ఉందని మురిసి, వెంటనే నార్కట్‌పల్లి దాకా వెళ్లొచ్చాను. దిగి చూస్తే తలుపుల కింది భాగమంతా నల్ల చుక్కలు. చక్రం తిరుగుతుంటే తడి పూత చిమ్మింది. కారు షాంపూతో రెండుసార్లు కడిగితే వదిలాయి.

సాయంత్రం మళ్లీ చేశాను. ఆరిన టైరు మీద పలుచగా, ఇరవై నిమిషాలు ఆగి, పొడి గుడ్డతో మిగులు తుడిచి, ఇంకో గంట కదలకుండా. మెరుపు తగ్గి నిండు నలుపు వచ్చింది. నాకదే నచ్చింది. రోడ్డుకు తగిలే భాగానికి ఒక్క చుక్క కూడా పోకూడదు. ముందు చక్రాల డిస్కుల మీద పడకుండా స్ప్రే కొట్టకుండా స్పాంజితోనే రాశాను. తమ్ముడు బైకు తెచ్చి "నాదానికి గూడ పెట్టు" అన్నాడు. బైకు టైరు మలుపులో అంచు దాకా ఒరుగుతుంది, జారి పడతావు, పొమ్మన్నాను.

ఏప్రిల్ 20

నాలుగు వారాల తర్వాత గళ్ల ఫలితం. కొబ్బరినూనె సంగతి చెప్పేశాను. సిలికాన్ పాలిష్ రెండు వాషులకు పోయింది. పాలలాంటి డ్రెస్సింగ్ సగం మిగిలింది. అందం మాత్రం దానిదే, తడి జిడ్డు లేదు. కోటింగ్ గడి వేసిన రోజులాగే ఉంది, నీళ్లు పోస్తే ముత్యాల్లా జారాయి.

మొత్తం కారుకు కోటింగే. సెల్‌ఫోన్ రిపేరు సామాన్ల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి ముందు జిడ్డంతా తీశాను. పెయింటు అంచులకు టేపు వేశాను. అడుగు మేర రాసి, ఒక నిమిషం చూసి మిగులు తుడిచి, పక్క అడుగుకు పోవాలి. కుడి వెనక చక్రం దగ్గర ఫోను వచ్చి మాట్లాడుతూ నిలబడ్డాను. అక్కడ ఒక చార గట్టిపడి ఇప్పటికీ కనిపిస్తుంది. వైపర్ల కింది పట్టీకి డ్రెస్సింగ్ అసలు వాడలేదు, వానకు కరిగి అద్దం మీదికి వస్తే వైపరు దాన్ని అటూ ఇటూ పూస్తుంది. అక్కడా కోటింగే. ఆ రాత్రంతా నీళ్లు తగలనివ్వలేదు. సీసాలో సగం మిగిలింది.

జూన్ 1

మే నెలలో రెండు గాలివానలు, ఒక పెళ్లి ప్రయాణం, దేవరకొండ రోడ్డు దుమ్ము అన్నీ అయ్యాయి. ఇప్పుడు మామూలు షాంపూ నీళ్లతో కడిగితే చాలు, నలుపు అలాగే ఉంది. టైర్లకు మాత్రం పదిహేను రోజులకోసారి పూయాల్సిందే. మట్టి రోడ్డు ఎక్కిన వారం ఇంకా ముందే.

వెనక బంపరులో పాత కొబ్బరినూనె గడిని జానెడు మేర కడిగి, ఏమీ రాయకుండా వదిలేశాను. పక్కదానితో పోల్చుకోవడానికి. చూసినవాళ్లంతా "అక్కడ మర్చిపోయినవా?" అని అడుగుతున్నారు. దసరా దాకా అలాగే ఉంచుతాను.