సీటు బెల్టు చివరన మట్టి

తమ్ముడు ఉండేది నంద్యాలలో. ఇద్దరు చిన్నపిల్లల్ని, సామాన్లను వేసుకుని బస్సులో కర్నూలుకు వచ్చిపోయే అవస్థ చూడలేక, సెకండ్‌హ్యాండ్‌దైనా సరే ఒక కారు కొనుక్కోమని ఇంట్లో అందరం చెప్పాం. ఈరోజు ఆదివారం. కర్నూలులోనే నంద్యాల చెక్‌పోస్టు వైపు ఒకటి అమ్మకానికి ఉందంటే పొద్దున్నే వెళ్ళాం. మా వీధి చివర షెడ్డు నడిపే మెకానిక్ భాయ్ కూడా వచ్చాడు. "ఎండ ఎక్కకముందే పోవల్ల, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడల్ల" అని టైము పెట్టింది ఆయనే.

వేడి ఇంజిన్ ఎట్లాగైనా స్టార్ట్ అవుతుంది. రాత్రంతా ఆగిన ఇంజిన్ తిప్పితేనే దాని సంగతి తెలుస్తుంది. నీలం పొగ వస్తే లోపల ఆయిల్ కాలుతున్నట్టు. భాయ్ ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు, చల్లగానే ఉంది. స్టార్ట్ చేస్తే పొగ లేదు. ఇంతవరకు బాగుంది.

బండి తళతళలాడుతోంది. 2018 మోడల్, మీటరులో 38,000 కిలోమీటర్లు, ధర 4.25 లక్షలు అన్నాడు ఏజెంటు. తమ్ముడి మొహంలో సంతోషం దాగడం లేదు. అప్పుడు భాయ్ క్లచ్ పెడల్ రబ్బరు చూపించాడు. గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉంది. 38,000కు అంత అరగదు. టైరు పక్క అచ్చేసిన అంకెలు చదివాడు: 1123. అంటే 2023లో పదకొండో వారం తయారైన టైరు. నాలుగూ అవే. అంత తక్కువ తిరిగిన బండికి ఐదేళ్లకే నాలుగు టైర్లూ మార్చాల్సిన పనేముంది?

అసలు సంగతి సీటు బెల్టు దగ్గర బయటపడింది. డ్రైవర్ పక్క సీటు బెల్టును భాయ్ మెల్లగా చివరిదాకా లాగాడు. రోజూ మనం లాగేది కొంతే, మిగిలింది చుట్టలోనే ఉండిపోతుంది. ఆ చివరి జానెడు మేర రంగు మారి, నేతలోకి మట్టి ఇంకి, అడ్డంగా ఒక మరక గీత. సీటు కవర్లు మారుస్తారు, లోపలంతా షాంపూ పెట్టి కడుగుతారు, బెల్టు చుట్ట మాత్రం మర్చిపోతారు. కార్పెట్ అంచు ఎత్తి టార్చి కొడితే సీటు బోల్టుల చుట్టూ తుప్పు, సందుల్లో ఎండిన సన్నటి ఒండ్రు.

"నీళ్లల్లో మునిగిన బండి ఇది. ఇడిసిపెట్టప్పా" అన్నాడు భాయ్, ఏజెంటుకు వినపడేట్టుగానే.

ఆ ఒండ్రు కర్నూలు వాళ్లకు బాగా తెలుసు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి ఊరి మీద పడ్డాక మా బీరువా సొరుగుల మూలల్లోంచి అది ఏళ్ల తరబడి రాలుతూనే ఉండింది. కారులో అయితే ఆ తడి వైరింగులోకి పోతుంది. కనెక్టర్లు చిలుము పట్టి, నెలలు గడిచాక ఒక్కొక్కటే మొండికేస్తాయి. ఎయిర్‌బ్యాగ్ అవసరానికి తెరుచుకుంటుందన్న భరోసా ఉండదు. అది పిల్లలు కూర్చునే బండి. నా కోపమంతా అందుకే. ధర గురించి కాదు.

2023 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు మునగడం అందరం టీవీల్లో చూశాం. రిపేరు ఖర్చు ఇన్సూరెన్స్ విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే బండి మొత్తం పోయినట్టే లెక్కగట్టి, ఇన్సూరెన్స్ వాళ్లు యజమానికి డబ్బు కట్టి, ఆ బండిని ఉన్నదున్నట్టు అమ్మేస్తారు. అవన్నీ తుక్కుకు పోవు. అందుకే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి నంబరు చెప్పి పాత సర్వీసుల, క్లెయిముల వివరాలు కనుక్కోకుండా ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా ఇవ్వొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను.

కాగితాలూ సరిగా లేవు. ఆర్‌సీలో ఇంకా ఫైనాన్స్ పేరు ఉంది. అప్పు తీరిపోయిందని నోటిమాటగా చెబితే చాలదు, అభ్యంతరం లేదని వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, అప్పు ఒప్పందం ముగిసిందని చెప్పే ఫారం 35 ఉంటేనే ఆ పేరు పోతుంది. ఏజెంటు చేతిలో ఉన్నవి యజమాని సంతకం పెట్టిన ఖాళీ 29, 30 ఫారాలు, అంటే బండిని ఇంకొకరి పేరు మీదికి మార్చే కాగితాలు. "పేరు తర్వాత మార్చుకోండి సార్, తొందరేముంది" అంటాడు. ఆ సంతకం పెట్టిన మనిషి ఎవరో గానీ ఆయనకూ చేటే. బండి చేతులు మారినా, ఆర్‌సీలో పేరున్న వ్యక్తే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్నవాళ్లు పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ పాలసీ తమ పేరు మీదికి మార్పించుకోవాలి. లేదంటే రేపు బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిము దగ్గర ఇబ్బంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ్ముడు "మంచి బండి దొరుకుతుందంటావా అన్నా" అన్నాడు. తప్పకుండా దొరుకుతుంది. సి.క్యాంపులో ఒక రిటైర్డ్ టీచరు గారి బండి ఉంది, ఒకటే చెయ్యి, అంటే కొన్నప్పటి నుంచి ఆయన దగ్గరే ఉంది, సర్వీసు బిల్లులన్నీ దాచిపెట్టారట. సాయంత్రం ఫోన్ చేసి వచ్చే ఆదివారం వస్తామని చెప్పాను. ఓర్వకల్లు దాకా హైవే మీద నడిపి చూసుకుంటామంటే సరేనన్నారు.