బెల్లం పొయ్యి, ఓక్ పీపా

విజయనగరం జిల్లా జామి దగ్గర మా ఊళ్ళో మందుని ఎవరూ రుచి చూడరు. గొంతులోకి దింపుతారు. గ్లాసు ఎత్తేముందే ఎడమచేతిలో ఆవకాయ ముక్కో, ఉప్పద్దిన ఉల్లిపాయో సిద్ధంగా ఉంటుంది. మందు నాలుక మీద ఉండే ఆ రెండు క్షణాలనీ ఎంత తొందరగా దాటేస్తే అంత మంచిదని లెక్క. చిన్నప్పుడు బడికి పోతూ బ్రాందీ షాపు దగ్గర నేను చూసిందల్లా అదే: మొహం చిట్లించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని మింగే పెద్దవాళ్ళు. మాకు మందు ఏది అమ్మినా అది బ్రాందీ షాపే. అక్కడ బ్రాందీ పేరుతో దొరికేది చాలామటుకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌కి రంగూ వాసనా కలిపిన సరుకని, అసలు బ్రాందీ పుట్టేది ద్రాక్షపండు నుంచని ముప్ఫై దాటేదాకా నాకు తెలీదు.

నేను వంటవాణ్ణి. నాలుగేళ్ళు టూరిస్టు ఓడల వంటశాలల్లో చేశాను. 2015లో బ్రిటన్ వచ్చాను. ఇప్పుడుంటున్నది స్కాట్లండ్‌లో ఎల్గిన్ అనే చిన్న ఊళ్ళో. స్పే నదికి అటూ ఇటూ యాభై దాకా విస్కీ డిస్టిలరీలున్న ప్రాంతం ఇది. మా రెస్టారెంటుకి రాత్రిపూట భోజనానికొచ్చేవాళ్ళలో గోదాముల్లో పీపాలు దొర్లించేవాళ్ళుంటారు, బట్టీ దగ్గర షిఫ్టు దిగి తిన్నగా వచ్చేవాళ్ళుంటారు.

వాళ్ళలో ఒక పెద్దాయన మంగళవారాలు ఒక్కడే వచ్చేవాడు. నలభై ఏళ్ళు పీపాల గోదాంలో చేసి రిటైరయ్యాడు. ఒకసారి వంటగదిలోకి తొంగిచూసి, చారులో ఏం వేశావని అడిగాడు. ఇంగువ చూపించాను. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కదల్లేదు. ఇంగువని అంత మర్యాదగా వాసన చూసిన తెల్లవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు. పై మంగళవారం కోటు జేబులోంచి మందుల సీసా అంత బుల్లి సీసా తీసి నా చేతిలో పెట్టి, నీ వంతు అన్నాడు.

ఎలా చూడాలో ఆయనే నేర్పాడు. తులిప్ పువ్వులా మూతి ముడుచుకున్న చిన్న గ్లాసు. రెండు చెంచాలకి మించి పోయకూడదు. ముక్కు లోపల పెట్టెయ్యకుండా అంచున ఆపి, నోరు కొంచెం తెరిచి పీల్చాలి. తర్వాత రెండు మూడు చుక్కల నీళ్ళు. మింగడం అన్నిటికన్నా ఆఖరి పని. ఏం తెలుస్తోందని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఇక్కడివాళ్ళు హీథర్ తేనె అంటారు, క్రిస్మస్ కేకు అంటారు, ఆరెంజ్ మార్మలేడ్ అంటారు. అవేవీ తిని పెరిగినవాణ్ణి కాను. పరీక్షలో సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చినట్టయింది. మళ్ళీ వాసన చూసి, తెలుగులోనే అనేశాను: "కొబ్బరి లౌజు."

అదేమిటన్నాడు. పచ్చికొబ్బరి కోరు, బెల్లం, యాలకులు కలిపి దగ్గరగా వేయించేదని చెప్పాను. ఆయన బల్ల మీద చెయ్యి చరిచి, సరిగ్గా చెప్పావన్నాడు. అమెరికాలో బోర్బన్ విస్కీని ఎప్పుడూ కొత్త ఓక్ పీపాలోనే పొయ్యాలి, లోపల మంటతో మసి పట్టేలా కాల్చి మరీ. ఒకసారి వాడిన పీపా మళ్ళీ దానికి పనికిరాదు. అవే ఓడెక్కి స్కాట్లండ్ వస్తాయి. ఆ చెక్కలోంచి వచ్చేవాటిలో లాక్టోన్లనే పదార్థాలకి కొబ్బరి వాసన, వెనిలిన్‌కి వెనిలా వాసన. నేను చెప్పింది ఊహ కాదు, చెక్కలో నిజంగా ఉన్నదే. ఆ రోజు నుంచి నా ముక్కు చెప్పింది నా మాటల్లోనే చెప్పుకుంటున్నాను. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాలో పండిన గ్లెన్‌ఫార్క్లస్ విస్కీ 15 ఏళ్ళది నాకు నేతిలో ఉబ్బిన కిస్‌మిస్, ఎండు ఖర్జూరం, చివర్న నాలుక పక్కల్ని పట్టే వక్క వగరు. ఐలా దీవి నుంచి వచ్చే లగావులిన్ 16 ఏళ్ళది మూత తియ్యగానే పిడకల పొగ, వెనకే టింక్చర్ అయోడిన్, ఆ వెనక నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. వేల ఏళ్ళుగా తడినేలలో మగ్గిన నాచుని ఇటుకల్లా కోసి ఎండబెట్టి, ఆ పీట్ పొగతో మొలకెత్తిన బార్లీని ఆరబెడతారు. ఆ పొగే బట్టీ దాటి, పదహారేళ్ళు దాటి సీసాలోకి వస్తుంది. ఎండుచేప అన్నానని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. భోగాపురం తీరంలో సాయంత్రం పూట నడిచినవాడికి అంతకన్నా ఇష్టమైన వాసన ఉండదు.

ఆయనే ఒకరోజు తన పాత డిస్టిలరీకి తీసుకెళ్ళాడు. బార్లీ రసం పులిసే చెక్క తొట్టి మూత ఎత్తగానే నేను రెండడుగులు వెనక్కి వేశాను. అది బెల్లం ఊట వాసన. మా ఊరి చెరువు వెనక తుమ్మల్లో మట్టికుండల్లో పులిసేది, అచ్చం అదే. ఎక్సైజు వాళ్ళొచ్చి కుండలు పగలగొడితే ఊట మట్టిలోకి ఇంకిపోయి, ఊరంతా మూడు రోజులు ఆ వాసనే ఉండేది. సారా మీద నిషేధం వచ్చింది 1993 అక్టోబరు 1న. నాకప్పుడు పదకొండేళ్ళు. అప్పటికే మా పెద్దనాన్న ప్యాకెట్ సారాకి రెండెకరాల పల్లం రాసిచ్చేశాడు. నిషేధం తర్వాత తుమ్మల్లో కాచిందే తాగాడు. 1996లో పోయాడు, నలభై నాలుగేళ్ళకి. ఆ తొట్టి పక్కన నిలబడి ఆ సంగతంతా పెద్దాయనకి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. రాగి బట్టీల దగ్గరికి తీసుకెళ్ళి, తాళం వేసిన గాజుపెట్టెలో పారుతున్న సరుకు చూపించాడు. మొదట వచ్చేది ఘాటైన విషపు వాసన, అది పక్కకి తిప్పేస్తారు. ఆఖర్న వచ్చేది తడిగుడ్డ కంపు, అదీ తిప్పేస్తారు. నడిమి ధార ఒక్కటే పీపాకి వెళుతుంది. తుమ్మల్లో బట్టీవాడు ఏ చుక్కా వదిలేవాడు కాదు. అంతా అమ్మకమే.

రమ్ము సంగతి వేరు. అది నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మాది చెరకు రైతు కుటుంబం. సగం భీమసింగి షుగర్ ఫ్యాక్టరీకి తోలి, మిగతాది గానుగాడి బెల్లం వండేవాళ్ళం. ఓడలో ఉండగా బార్బడోస్ రేవులో దిగి మొదటిసారి అక్కడి రమ్ము వాసన చూశాను. తమ డిస్టిలరీ పాతదనానికి 1703 నాటి కాగితం చూపించే మౌంట్ గే వాళ్ళది. మెత్తగా ఉంది, మగ్గిన అరటిపండు, కాస్త మసాలా. జమైకాలో హ్యాంప్‌డెన్ వాళ్ళది మరో లోకం. ఊటని రోజుల తరబడి పులియబెట్టి, బట్టీ అడుగున మిగిలిన మడ్డిని మళ్ళీ వాడతారట. వాసనకి ఎదురుగా పనసకాయ కోసినట్టే, పక్కన జీడిమామిడి పళ్ళు నేల రాలి ఎండకి పులిసినట్టే ఉంది. ఓడలో మావాళ్ళు కొందరు ముక్కు మూసుకున్నారు. ఎస్.కోట వైపు వేసవిలో తోటల్లో తిరిగినవాడు మూసుకోడు.

గయానా నుంచి వచ్చే డెమెరారా రమ్ము గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అక్కడ ఇంకా చెక్కతో చేసిన బట్టీలున్నాయి. వాటిలో ఒకదాని పేరు పోర్ట్ మౌరంట్. ఆ పేరు ఒక చెరకు తోటల ఊరిది. క్రికెటర్ రోహన్ కన్హాయ్ పుట్టింది అక్కడే. 1838లో మొదటి ఓడలు మనవాళ్ళని ఆ దేశంలో కూలికి దింపాయి. తర్వాత మద్రాసు రేవు నుంచీ వేలమంది వెళ్ళారు. నేనొక్కణ్ణే చెరకు పొలం వదిలి సముద్రం దాటాననుకున్నాను అన్నాళ్ళూ. ఎల్ డొరాడో 15 ఏళ్ళది తాగినప్పుడు నాలుకకి తగిలింది పెనం అడుగున మాడిన బెల్లం చెక్కు, అతిమధురం, పొయ్యి గోడ మసి. ఆ రాత్రి గ్లాసు కడక్కుండా మంచం పక్కన పెట్టుకున్నాను. ఖాళీ గ్లాసు వాసన తెల్లారేదాకా ఉంది. రమ్ముల్లో తర్వాత చక్కెర కలిపినవీ ఉంటాయి, యూరప్‌లో లీటరుకి 20 గ్రాముల దాకా ఒప్పుకుంటారు. పెదాలు అంటుకుంటే నాకు తెలిసిపోతుంది. అవి నాకు నచ్చవు. పాకం చెడగొట్టి పంచదార జల్లినట్టు.

బ్రాందీ దగ్గర నాకు అనుభవం తక్కువ. కోన్యాక్ అనే ఫ్రెంచి బ్రాందీలో, సీసా మీద ఎక్స్.ఓ. (అంటే బాగా పాతది) అని రాయాలంటే 2018 నుంచి కనీసం పదేళ్ళు పీపాలో ఉండాలి. అలాంటిది ఒకే ఒక్కసారి చూశాను, పాత నెయ్యి, పుట్టగొడుగుల వాసన, చాలా బాగుంది. అర్మన్యాక్ అనే మరో ఫ్రెంచి బ్రాందీ మాత్రం ఓడలో ఫ్రెంచి మిఠాయి వంటవాడు ఇచ్చాడు. మూత తీశాక నేనన్న మాట, రేగొడియాలు. అంతే, వాటి గురించి నేను చెప్పగలిగింది.

బ్రిటన్‌లో నా మొదటి యజమాని గురించి చెప్పకుండా ఈ ఏళ్ళ లెక్క పూర్తి కాదు. వేరే ఊళ్ళో హోటలు. నా పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకున్నాడు. రోజుకి పద్నాలుగు గంటలు, వంటగది పైన అటకలాంటి గదిలో నలుగురం. 2016 మే నెలలో నాన్న పోయారు. పాస్‌పోర్టు అడిగితే వారం తర్వాత చూద్దామన్నాడు. నేను వెళ్ళలేకపోయాను. తమ్ముడు తలకొరివి పెట్టాడు.

నాన్న బెల్లం వంటలో గడియారం చూసేవారు కాదు. చెరకు పిప్పి ఎగదోస్తూ, సున్నపు తేట పోసి తెట్టు తీసేశాక, పొయ్యికి పది అడుగుల దూరంలో కూర్చునేవారు. రసం మరిగి మరిగి ఒక క్షణంలో వాసన తిరుగుతుంది. మాడడానికి గోరంత ముందు. "దించండ్రా" అని కేకేసేవారు. ఒక్క పెనం కూడా చెడిపోలేదు. ఆయన ఆఖరి వంట 2009 సంక్రాంతి ముందు.

రెండేళ్ళ కిందట పెద్దాయన తెచ్చిన బుల్లి సీసా మీద పెన్సిల్‌తో 2009 అని ఉంది. ఒకే పీపాలోంచి తీసినది, పదిహేనేళ్ళది. ఇక్కడి చల్లదనంలో పీపాలోంచి ఏటా నూటికి రెండు పాళ్ళు గాలిలో కలిసిపోతుంది. దేవతల వాటా అంటారు. అంటే నాలుగో వంతు పోగా మిగిలింది. బెంగళూరు ఎండకి ఏటా పది పాళ్ళు పైనే పోతుందట. మన జామిలో పెడితే ఐదో వంతు కూడా మిగలదేమో. నేను గ్లాసు అంచున ముక్కు పెట్టాను. కొబ్బరి, వెనిలా, యాలకులు, అన్నీ వచ్చి వెళ్ళాక, కింద సన్నగా వేరే వాసన వచ్చింది. మాడడానికి గోరంత ముందుది. ఆ రాత్రి దాన్ని మింగలేదు. పెద్దాయన ఏమీ అడక్కుండా కూర్చున్నాడు.

ఇదంతా అమ్మకి దాచలేదు. ఫోన్‌లో చెప్పాను, తాగుడు కాదమ్మా, చెంచాడు రుచి చూస్తానంతే అని. "సెంచాతోనే గదరా బావూ మీ పెద్దయ్యా మొదలెట్టినాడు" అంది. ఆవిడ భయం నాకు తెలుసు. అందుకే గదిలో సీసా పెట్టుకోను, ఒక్కణ్ణీ ఉన్నప్పుడు ముట్టను.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తూ విస్కీ తీసుకెళ్ళలేదు. పీపాలు బాగుచేసే షెడ్డులో విరిగిన చెక్క ఒకటి, మూరెడు ముక్క అడిగి తెచ్చుకున్నాను. ఒక పక్క మసి, మసి కింద గోధుమరంగు చార. చెక్కలోకి విస్కీ ఎంత లోతు దిగిందో ఆ చారే చెబుతుంది. అమ్మ చేతికిచ్చాను. మందు చెక్క అని చెప్పలేదు. మసి వేలితో తుడిచి, వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"మన పెనం కింద కర్రేటిరా ఇది? ఎక్కడ దొరికింది?"

తర్వాత చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. చెక్కని బావి దగ్గరికి తీసుకెళ్ళి కడిగి, ఎండలో ఆరేసి, ఆవకాయ జాడీ కింద పీటలా సర్దింది. అరుగు మీద తడి తగలకుండా బాగుందంది.