కుండీల బెంచీ: రెండో ప్రయత్నం

మా మేడమీద పిట్టగోడ వారగా నేను చేసిన మొదటి బెంచీ రెండు వానాకాలాలు మాత్రమే నిలిచింది. రెండు చివరలా చెక్క పెట్టెలు బిగించి, లోపల పలుచని ప్లాస్టిక్ పట్టా పరిచి, అందులో నేరుగా మట్టి నింపాను. ఆ పట్టా ఎక్కడో చిరిగి, నీళ్లు పోసిన ప్రతిసారీ తడి చెక్కలోకే ఇంకుతూ వచ్చిందన్న సంగతి, అడుగు పలక వేలితో నొక్కితే దిగబడే స్థితికి చేరాక గాని నాకు తెలియలేదు. పైకి మాత్రం బెంచీ చెక్కుచెదరనట్టే కనిపించేది.

అందుకే ఈసారి మట్టి చెక్కను తాకకూడదన్న నియమం ఒక్కటే పెట్టుకుని, మిగిలిన కొలతలన్నీ దానికి లోబడి వేసుకున్నాను. పెట్టెకు అడుగు పలకే లేదు. రెండు అడ్డకర్రల మీద విడిగా ఒక ప్లాస్టిక్ కుండీ కూర్చుంటుంది, దాని రంధ్రాల్లోంచి కారిన నీరు చెక్క మీద ఆగకుండా నేరుగా గచ్చు మీద పడుతుంది. కుండీ లోపలి కొలత మూడు వైపులా 15 అంగుళాలు, అంటే సుమారు 55 లీటర్లు. తోటమట్టితో నింపి తడిపితే ఒక్కొక్కటి 90 కిలోలు దాటుతుంది కనుక, మట్టి పాలు మూడో వంతుకు తగ్గించి, మిగిలినది కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపాను. అయినా స్లాబు మధ్యలో పెట్టే ధైర్యం చేయక, కింద దూలం వెళ్లే వైపే బెంచీని ఉంచాను.

హైదరాబాదులో పాత ఇళ్లు కూల్చి అపార్టుమెంట్లు కడుతున్నంత కాలం పాత టేకుకు కొరత ఉండదు. నేను కొన్నవి ఒకప్పటి ద్వారబంధాలు. పాత కర్ర ఎండి, వంపులు తిరగడం ఎప్పుడో ముగించి ఉంటుంది. అయితే లోపల విరిగిపోయిన మేకులు దాగి ఉంటాయి, వాటిని వెతికి తీయకుండా చిత్రిక పట్టించినందుకు వడ్రంగి గారి చేత రెండు బ్లేడ్ల ఖరీదు, నాలుగు మాటలు కూడా పడ్డాను. కొనేటప్పుడు చేవ ఉన్న ముదురు రంగు కర్రనే ఏరుకోవాలి. అంచుల్లో ఉండే లేతరంగు భాగం టేకుదైనా చెదకు, తడికి తట్టుకోదు.

కూర్చునే ఎత్తు 17 అంగుళాలు, పొడవు 4 అడుగులు. అంగుళం మందం పట్టీల మధ్య పావు అంగుళం సందు వదిలాను, ఎందుకంటే కర్ర పొడవులో దాదాపు మారదు గాని, వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది. ఇనుప స్క్రూలు తడిలో చెక్కకు నల్లమచ్చలు తెస్తాయి కనుక అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాను. కాళ్లు నేల తడిని పీల్చేది అడుగున కోసిన ముఖంలోంచే. అందుకని వాటి కింద తాండూరు నాపరాయి ముక్కలు పెట్టాను.

వార్నిషు వేయలేదు. మన మే నెల ఎండకు ఆ పొర పగులుతుంది, పగిలిన చోట దూరిన నీరు లోపలే ఉండిపోతుంది. దాని బదులు అవిశ నూనె రెండు పూతలు పట్టించాను, ఏటా తొలకరికి ముందు మరొక పూత వేయాలి. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకూడదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు, విడదీసి ఆరేయాలి.

కుడివైపు కుండీలో అమ్మ కోరిన మల్లె ఉంది. ఎడమవైపు ఏం వేయాలో ఇంట్లో ఇంకా తేలలేదు కనుక, ప్రస్తుతానికి అక్కడ కొత్తిమీర చల్లాము.