ఇంట్లో సినిమాకి ఆపరేటర్ మనమే

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ థియేటర్లో బొమ్మ మసకబారితే చూసుకోవడానికి ప్రొజెక్టర్ గదిలో ఆపరేటర్ ఉంటాడు. తెలుగు కోసమే ఆహా ఓటీటీ మొదలైన 2020 నుంచి మన ఇళ్లలో సినిమా చూడటం బాగా పెరిగింది. ఆ ఆపరేటర్ పని మాత్రం ఎవరూ చేయడం లేదు. తీసినవాళ్ల కష్టం సగం అక్కడే పోతోంది.

ముందు నెట్ సంగతి. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉంటే చాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉన్నా బొమ్మ ఆగిపోతోందంటే చాలాసార్లు కారణం వైఫై. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. కూకట్‌పల్లి, మియాపూర్ అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాట్లు, పై ఫ్లాట్లు అన్నీ ఆ మూడింటినే పంచుకోవాలి. టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. అది గోడలు సరిగా దాటదు కాబట్టి రౌటర్ కూడా హాల్లోనే ఉండాలి. లాన్ కేబుల్ వేస్తే ఇంకా నయం. చాలా టీవీల్లో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్ దాటదు, అయినా సినిమాకి ధారాళంగా సరిపోతుంది.

ఫోన్ హాట్‌స్పాట్‌తో చూసేవాళ్లకి ఒక లెక్క: హెచ్‌డీ గంటకి 3 జీబీ దాకా లాగుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ అయితే ఇంటర్వెల్ దాకా కూడా రాదు.

నెట్ బాగున్నా బొమ్మ మసగ్గానే ఉంటే యాప్ సెట్టింగ్స్‌లో వైడ్‌వైన్ (సినిమా కాపీ కాకుండా కాపాడే తాళం) ఏ స్థాయిలో ఉందో చూడండి. ఎల్1 ఉండాలి. ఎల్3 అని ఉంటే పెద్ద యాప్‌లు మామూలుగా 480పీ దాటనివ్వవు, ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా సరే. చవక బాక్సులు కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

అసలు ఇబ్బంది మాత్రం శబ్దంతో. ఫైట్ వస్తే ఇల్లు అదురుతుంది, మాటలొస్తే వాల్యూమ్ పెంచాలి. 5.1 మిక్స్‌లో, అంటే ఆరు ఛానళ్ల శబ్దంలో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కి వెళ్తాయి. చాలా టీవీలకి ఉన్నవి రెండే స్పీకర్లు, ఆ ఆరు ఛానళ్లని అందులో కుక్కేసరికి మాటలు సంగీతం కింద పడిపోతాయి. ఆడియో లిస్టులో ‘తెలుగు 5.1’ బదులు ఉత్త ‘తెలుగు’ ఉంటే అది పెట్టండి. సౌండ్‌బార్ ఉంటే ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని బయటికి పంపే దారి) అని రాసిన హెచ్‌డీఎంఐ పోర్టుకే కలిపి, టీవీలో సీఈసీ (పరికరాలు ఒకదాన్నొకటి నడిపించే సెట్టింగ్) ఆన్ చేయండి. ఆడియో అవుట్‌పుట్ పీసీఎం మీద ఉంటే ఏఆర్‌సీలో రెండు ఛానళ్లే వెళ్తాయి, పాస్‌త్రూకి (శబ్దాన్ని మార్చకుండా సౌండ్‌బార్‌కే పంపడం) మార్చండి. బ్లూటూత్‌తో కలపొద్దు, పెదవి కదిలాక మాట రావచ్చు.

చివరగా మోషన్ స్మూతింగ్. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. టీవీ మధ్యలో తన ఫ్రేములు కల్పించి కలుపుతుంది, దాంతో సినిమా కాస్తా సీరియల్‌లా కనిపిస్తుంది. పిక్చర్ మోడ్ ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’కి మార్చి, స్మూతింగ్ విడిగా ఆఫ్ చేయండి. కొన్ని టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి ఈ సెట్టింగ్ వేరుగా ఉంటుంది, డాంగిల్ (టీవీకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్) పెట్టిన పోర్టులో కూడా మార్చాలి.