పాత రియాక్టర్ మీద అనుమానం వస్తే రుజువు ఎవరు చూపాలి?

అమెరికాలో అణు విద్యుత్ కేంద్రానికి తొలిసారి ఇచ్చే లైసెన్సు గడువు 40 ఏళ్లు. ఆ తరువాత 20 ఏళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఈ 40 అనే అంకెను ఏ ప్రయోగశాలా తేల్చలేదు. 1954 నాటి అణుశక్తి చట్టంలో ఆర్థిక లెక్కలనూ, గుత్తాధిపత్యం పెరగకూడదన్న ఆలోచననూ బట్టి దానిని నిర్ణయించారు. కాబట్టి 41వ ఏట కేంద్రం హఠాత్తుగా ప్రమాదకరమవుతుందనడం ఎంత తప్పో, 39వ ఏటి దాకా నిశ్చింతగా ఉండవచ్చనడమూ అంతే తప్పు. వయసు మీద పడిన కేంద్రం గురించి నాకు ముఖ్యంగా తోచే ప్రశ్న వేరు. ఒక భాగం పాడవుతోందన్న అనుమానం వచ్చినప్పుడు ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఎవరిని రుజువు అడుగుతుంది? సురక్షితమని చూపమని యాజమాన్యాన్ని అడుగుతుందా, లేక ప్రమాదముందని చూపమని తన ఇన్‌స్పెక్టర్లనే నిలదీస్తుందా?

రియాక్టర్‌లో చాలా భాగాలను మార్చవచ్చు. పంపులు, వాల్వులు సరే, కష్టమైనా ఆవిరి జనరేటర్లను కూడా మారుస్తున్నారు. మార్చడం దాదాపు అసాధ్యమైనది ఇంధనాన్ని మోసే ఉక్కు పాత్ర. ఏళ్ల తరబడి న్యూట్రాన్ల తాకిడికి ఆ ఉక్కు పెళుసుబారుతుంది. ఎంత పెళుసుబారిందో తెలుసుకోవడానికి అదే ఉక్కు నమూనాలను గొట్టాల్లో పెట్టి మొదటి నుంచీ పాత్ర లోపలే ఉంచి, కొన్నేళ్లకొకటి తీసి పరీక్షిస్తారు. ఈ రకం ముసలితనాన్ని ముందే ఊహించి కొలిచే పద్ధతి ఉంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది, ఎవరూ కొలవాలనుకోని చోట, ఎవరూ అనుకోని వేగంతో సాగే క్షయం. ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న డేవిస్-బెస్సీ కేంద్రంలో 2002లో బయటపడింది సరిగ్గా అదే.

అది పీడన జల రియాక్టర్, అంటే నీటిని ఎక్కువ పీడనంలో ఉంచి మరగనివ్వకుండా వేడిని మోయించే రకం. అందులో న్యూట్రాన్లను పీల్చుకోవడానికి నీటిలో బోరిక్ ఆమ్లం కలుపుతారు. పాత్ర పై మూతకు ఉన్న నాజిళ్ల (గొట్టాల్లాంటి దారుల) గుండా, అణు చర్యను అదుపు చేసే నియంత్రణ కడ్డీల యంత్రాంగం లోపలికి దిగుతుంది. నాజిల్‌లో పగులు వచ్చి నీరు కారితే, నీరు ఆవిరైపోయి ఆమ్లం మూత మీద పేరుకుంటుంది. ఆ ఆమ్లం చిక్కబడి తడిగా ఉన్నచోట మామూలు ఉక్కును తినేస్తుంది. 2001 తొలి నెలల్లో దక్షిణ కరోలినాలోని ఓకనీ కేంద్రంలో నాజిళ్ల చుట్టూ వలయాకారంగా పగుళ్లు కనిపించాయి. అలాంటి పగులు ముదిరితే నాజిల్ ఊడి బయటికి ఎగిరిపోయే ప్రమాదముంది. అమెరికా అణు నియంత్రణ సంస్థ అయిన న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్ ఆ ఆగస్టులో ఒక బులెటిన్ జారీ చేసి, ముప్పు ఎక్కువగా ఉన్న కేంద్రాలు డిసెంబరు 31 లోగా తనిఖీ పూర్తి చేయాలని, లేదంటే ఎందుకు చేయనక్కరలేదో సమర్థించుకోవాలని కోరింది.

డేవిస్-బెస్సీ అప్పటి యాజమాన్యమైన ఫస్ట్ఎనర్జీ, 2002 మార్చి చివర్లో ఇంధనం మార్చడానికి ఎలాగూ కేంద్రాన్ని ఆపుతాము కనుక తనిఖీని అప్పటికి వాయిదా వేయమంది. కమిషన్ సిబ్బంది కేంద్రాన్ని ఆపమనే ఉత్తర్వును 2001 నవంబరులో సిద్ధం చేశారు కూడా. అది జారీ కాలేదు. చివరికి ఫిబ్రవరి 16న ఆపేలా రాజీ కుదిరింది. ఆపిన తరువాత మార్చి మొదటి వారంలో 3వ నంబరు నాజిల్‌కు మరమ్మతు చేస్తుండగా ఆ నాజిల్ కదిలి పక్కకు వాలింది. దానిని పట్టి ఉంచవలసిన ఉక్కే అక్కడ లేదు. ఆరు అంగుళాలకు పైగా మందమున్న ఉక్కును ఆమ్లం పూర్తిగా తినేసింది; లోపలి వైపున తుప్పు పట్టకుండా వేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ పొర ఒక్కటే మిగిలింది. అర అంగుళం కూడా లేని ఆ పొర, తానొక్కటే సుమారు 150 రెట్ల వాతావరణ పీడనాన్ని మోస్తూ అప్పటికే పైకి ఉబ్బి ఉంది. ఇలా ఒంటరిగా పీడనాన్ని మోయడానికి ఆ పొరను రూపొందించలేదు.

ఇదంతా ఒక్క రాత్రిలో జరిగిన పని కాదు. కేంద్రంలో గాలిలోని రేడియోధార్మికతను కొలిచే పరికరాల ఫిల్టర్లు తుప్పు రేణువులతో మళ్లీ మళ్లీ మూసుకుపోయేవి. గాలిని చల్లబరిచే యంత్రాల మీద పేరుకున్న బోరిక్ ఆమ్లాన్ని పదే పదే కడగవలసి వచ్చేది. 2000 సంవత్సరంలో ఇంధనం మార్చినప్పుడు తీసిన ఒక ఫొటోలో మూత మీద నుంచి ఎర్రటి తుప్పు చారలు కిందికి జారుతూ కనిపిస్తాయి. బోరిక్ ఆమ్లం సహజంగా తెలుపు. ఎర్రబడిందంటే దానిలో ఇనుము కలిసిందన్నమాట. ఒక్కో సూచననూ ఒక్కో విభాగం తన చిన్న చికాకుగా చూసి, ఫిల్టరు మార్చి, యంత్రం కడిగి, పని ముగిసిందనుకుంది. కమిషన్ దృష్టిలో ఇది బాగా నడుస్తున్న కేంద్రం. మంచి పేరున్న కేంద్రానికి తనిఖీ సహజంగానే పలుచబడుతుంది. ఆ పేరు వచ్చిన పద్ధతిని మాత్రం ఎవరూ తనిఖీ చేయరు.

కమిషన్ పనితీరును లోపలి నుంచే తనిఖీ చేసే అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరల్, 2002 డిసెంబరులో ఇచ్చిన నివేదిక నాకు ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత విలువైన పత్రంగా తోస్తుంది. గడువు పొడిగించడం వెనుక యాజమాన్యానికి ఆర్థిక నష్టం తగ్గించాలన్న కోరిక పెద్ద పాత్ర పోషించిందని అది తేల్చింది. అంతకన్నా ముఖ్యంగా, కేంద్రాన్ని ఆపాలంటే భద్రతా లోపం ఉందని సంపూర్ణమైన రుజువు కావాలనే అసమంజసమైన ప్రమాణాన్ని కమిషన్ తనకు తానే అనధికారికంగా పెట్టుకుందని చెప్పింది. చట్టం అడిగేది అందుకు భిన్నం: ప్రజలకు రక్షణ ఉందన్న సహేతుకమైన భరోసా లేకపోతే చాలు. మూత లోపల ఏముందో కేంద్రాన్ని ఆపితే గానీ తెలియదు. తెలిస్తే గానీ ఆపమంటే ఇక ఆ అనుమానం తీరే దారి ఎక్కడ? తప్పంతా కమిషన్‌దే అనీ అనలేము. డిసెంబరు 31 తరువాత కూడా నడపడం సురక్షితమని వాదించేటప్పుడు తన ఉద్యోగులు తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చారని ఫస్ట్ఎనర్జీ తరువాత ఒప్పుకొని, 2006లో న్యాయశాఖతో 2.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అంతకు ముందు 2005లో కమిషన్ 54.5 లక్షల డాలర్ల జరిమానా విధించింది. అయినా అబద్ధం చెప్పే అవకాశం ఉన్నవారి లెక్కలనే ఆధారంగా తీసుకునే పర్యవేక్షణను పర్యవేక్షణ అని ఎలా పిలవాలి?

లైసెన్సు పొడిగింపులోనూ ఇదే బలహీనత తొంగిచూస్తుంది. 2007లో అదే ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం పొడిగింపు సమీక్షలను పరిశీలించినప్పుడు, కమిషన్ సిబ్బంది రాసిన భద్రతా నివేదికల్లో కొన్ని భాగాలు యాజమాన్యాల దరఖాస్తుల్లోని వాక్యాలతో అక్షరాలా సరిపోయాయి. సిబ్బంది నిజంగా తమంతట తాము పరిశీలించే ఉండవచ్చు. కానీ ఆ పని జరిగిన జాడ కాగితం మీద లేకపోతే, ఇరవై ఏళ్ల తరువాత ఆ నివేదికను తెరిచే ఇన్‌స్పెక్టరుకు అది యాజమాన్యం మాటకు నకలుగానే మిగులుతుంది.

జపాన్‌లో పరిస్థితి ఇంకా సూటిగా కనిపిస్తుంది. అక్కడ అణు భద్రతను చూసే సంస్థ, అణు విద్యుత్తును ప్రోత్సహించే ఆర్థిక వ్యవస్థ, వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖ కిందే ఉండేది. 1971 మార్చిలో నడక మొదలుపెట్టిన ఫుకుషిమా డైచీ 1వ యూనిట్‌కు, 40 ఏళ్లు నిండబోతుండగా, 2011 ఫిబ్రవరిలో మరో పదేళ్లు నడపడానికి అనుమతి వచ్చింది. సునామీ వచ్చింది ఆ తరువాతి నెలలోనే. ఆ కేంద్రం వయసువల్లే ప్రమాదం జరిగిందని నేను అనడం లేదు; సముద్రం ఎంత ఎత్తుకు లేస్తుందన్న పాత అంచనాను గట్టిగా ప్రశ్నించే స్వతంత్రత అనుమతి ఇచ్చిన సంస్థకు లేకపోయింది. 2012 సెప్టెంబరులో కొత్త నియంత్రణ సంస్థను వేరుగా ఏర్పాటు చేశారు.

డేవిస్-బెస్సీ కథ మూతతో ముగియలేదు. మిషిగన్‌లో నిర్మాణం మధ్యలో వదిలేసిన మిడ్‌లాండ్ కేంద్రానికి చెందిన, ఎన్నడూ వాడని మూతను తెచ్చి బిగించి 2004 మార్చిలో కేంద్రాన్ని మళ్లీ నడిపారు. 2010లో దాని నాజిళ్లకూ పగుళ్లు వచ్చాయి. 2011 అక్టోబరులో మరో మూతను లోపలికి చేర్చడానికి రియాక్టర్ చుట్టూ ఉన్న షీల్డ్ భవనం గోడను కోసినప్పుడు కాంక్రీటులో పొర విడినట్టుగా పగుళ్లు కనబడ్డాయి. బయటి గోడకు నీరు ఇంకకుండా పూత వేయకపోవడం, 1978 నాటి మంచు తుఫాను కారణాలని సంస్థ తేల్చి, 2012లో పూత వేయించింది. ఆ పూత లోపలి తేమను బయటికి పోనివ్వక, అది గడ్డకట్టినప్పుడల్లా పగుళ్లను మరికొంత ముందుకు నెడుతోందని ఆ తరువాత తెలిసింది.

2015 డిసెంబరులో ఈ కేంద్రం లైసెన్సును 2037 దాకా పొడిగించారు. ఆ గోడ పగుళ్లను నిర్ణీత కాలానికొకసారి పరీక్షిస్తూ ఉండడం కేంద్రం పాటించవలసిన కార్యక్రమాల్లో ఒకటి. కొలవడం మంచిదే. అయితే కొలత ఏ హద్దు దాటితే కేంద్రాన్ని ఆపాలో కూడా లైసెన్సులోనే ముందుగా, అంకెల్లో రాసి ఉండాలని నా అభిప్రాయం. ఆ హద్దును చేరిన రోజున కూర్చుని చర్చించుకుందామంటే, ఆ చర్చలో ఒక వైపు పగులు వెడల్పు ఉంటుంది, మరో వైపు కేంద్రం ఆగితే రోజుకెంత నష్టమో ఉంటుంది. 2001 నవంబరులో ఆ రెండింటిలో ఏది గెలిచిందో మనకు తెలుసు.